కురుమతి, తొమ్మిది 'బి'

మన బడి పాత విద్యార్థుల సంచికకు రెండు పేజీలు రాసియ్యాలె, ఫొటో గూడ పంపాలె అని మనతోని చదివిన సర్పంచ్ ఫోన్ చేసిండు. "పేరు ఏమని వెయ్యాలె?" అని అడిగి, నేను నోరు తెరవక ముందే, "పుస్తకాల మీద ఉన్న పేరే వేస్తం తీ, నేను చూసిన" అన్నడు. ఆ మాట కమిటీల అందరు కూసోని అనుకున్నరో, వాడొక్కడే అనుకున్నడో తెల్వదు. గ్రూపుల ఎన్నడూ ఒక్క ముక్క రాయనిదాన్ని ఆ మాటకే ఒప్పుకున్న.

రైలుపట్టా గంట, బోరింగు కాడ బక్కోడు పడ్డది, కోయిల్‌సాగర్ కట్ట మీద పులిహోర, కురుమూర్తి జాతరకు గోడ దుంకి పోయి ఉద్దాల ఊరేగింపుల పెద్దసారుకే ఎదురైంది, ఇవన్నీ మనం 'రేడియో' అని పిలిచే మన క్లాసోడు రాస్తడు. నాకంటె మంచిగ రాస్తడు. సీతాఫలాల సంగతి మాత్రం ఎవ్వరు రాయొద్దు. ఆ ఇద్దరు ఎక్కడున్నా సల్లగుండాలె.

నాకైతే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు దాదాపు యాదికి లేవు. పదో తరగతి అంటే 1999 మార్చిల పరీక్ష సెంటర్ ముందటి ఎండ, అంతే. ప్రార్థన కాడ పీఈటీ సారు "మగపిల్లలు కుడిదిక్కు, ఆడపిల్లలు ఎడమదిక్కు" అని విజిలేస్తే, ఆ రెండు వరుసల నడుమ ఉన్న జాగను చూసుకుంట నిలబడ్డది యాదికుంది. అప్పుడు నన్ను ఏమేమని పిలిచిన్రో పిలిచినోళ్లకు యాదుంటది, నాకూ యాదుంది. ఆ పేర్లు ఇక్కడ అచ్చుకెక్కనియ్య. పిలిచినోళ్లల్ల కొందరు తర్వాత ఇంటికొచ్చి మా అమ్మ చేతి జొన్నరొట్టె తిని పోయిన్రు. వాళ్లు నాకు సొంతోళ్ల లెక్కనే.

బడి అంటే నాకు తొమ్మిదో తరగతి. తొమ్మిదో తరగతి అంటే తెలుగు సారు.

ఆయన సైకిలు, జేబు మీద ఎర్ర సిరా మరక, పద్యం చదివేటప్పుడు కండ్లు మూసుకునుడు, యతి తప్పితే సుద్దముక్క పడుడు మీకందరికి ఎరుకే. నేను చెప్పేది గోడపత్రిక గురించి. ఆ ఏడు దసరా సెలవులైనంక సారు క్లాసుకొచ్చి పుస్తకం తెరవలె. బోర్డు మీద 354 అని రాసిండు. లెక్కల పీరియడ్ అనుకున్నం మనం. "తెలంగాణల కవులు పూజ్యం అని వెనకట ఒకాయన రాసిండు బిడ్డా. పూజ్యం అంటే సున్న. దానికి జవాబు ఇచ్చింది మన జిల్లా మనిషి, ఆలంపురం దిక్కు ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి. గోలకొండ పత్రిక నడిపేటోడు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించిండు, 1934ల సంచిక అచ్చేసిండు. ఎంతమంది కవులు? బోర్డు చూడుండ్రి." అని చెప్పి, ఆ సంఖ్య కింద రెండు గీతలు కొట్టిండు. "లెవ్వు అన్నోని ముందట ఉన్నోళ్ల పేర్లు పెట్టిండు. గంతే చేసిండు."

మనం గూడ ఒక సంచిక చేద్దాం అన్నడు. తెల్లారి ఖాకీ అట్టలు వచ్చినయి. జిగురు అటెండర్ తాత స్టవ్ మీద మనమే ఉడికించినం. మైదాపిండి ముందుగాల చల్లనీళ్లల్ల ఉండలు లేకుండ కలపాలె, తర్వాత మరుగుతున్న నీళ్లల్ల పోసుకుంట తిప్పాలె, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వెయ్యాలె. అది వెయ్యకపోతే పురుగు పట్టి వారంల కాగితం ఊడొస్తది. నీలంగ, వెచ్చగ ఉండే ఆ జిగురు చేతికి అంటితే రెండురోజులు పోకపోతుండె. నా దస్తూరి బాగుంటదని అందరియి నాతోనే రాయించిండు. గాంధీ మీద నాలుగు వ్యాసాలు, వాన మీద ఆరు కవితలు నా చేతి రాతనే, మీరు మర్చిపోయిండొచ్చు.

ప్రతి ఒక్కరు కలం పేరు పెట్టుకోవాలె అన్నడు సారు. అగ్గిపిడుగు, పాలమూరు పులి, కవిరాజు, ఇట్ల పెట్టుకున్నరు మీరు. నేను ఆ రాత్రంత నిద్రపోలె. పొద్దున్నే పోయి కాగితం ఇచ్చిన. కథ కింద 'కురుమతి' అని ఉన్నది. మా అమ్మ మొక్కుకునే గుట్ట, మా ఇంటి దేవుడు. వినేటోళ్లకు ఆడపిల్ల పేరు. సారు చదివిండు. కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "మార్చుమంటరా సార్?" అని నేనే అడిగిన. "ఎందుకు? నీ పేరే గద" అన్నడు.

కథ బొంబాయి బస్సు గురించి. మన ఊర్ల మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మట్టిపనికి మనుషులను ఎట్ల తీసుకపోతుండెనో మీకు చెప్పేదేముంది. మన క్లాసుల సగం మంది తాతల దగ్గర, అవ్వల దగ్గర పెరిగినోళ్లే. నా కథల ఒకామె బిడ్డను అవ్వకు అప్పజెప్పి బస్సెక్కుతది. బొంబాయిల ఏం చేసింది, ఎంత కష్టపడ్డది, ఎట్ల వాపసొచ్చింది అనేది ఇంకో పేజి రాసిన.

నెల తిరగకముందే తనిఖీ వచ్చింది. పై అధికారి వరండాల నడుస్తు గోడపత్రిక ముందట ఆగి కథ మొత్తం చదివిండు. "ఈ అమ్మాయిని పిలవండి" అన్నడు. పెద్దసారు హాజరు పట్టీ తెప్పించిండు. పట్టీల కురుమతి లేదు. 'ఎ' సెక్షన్‌ల లేదు, 'బి' ల లేదు. "ఇట్లాంటి పిల్ల మన బళ్లె లేదు సార్" అన్నడు పెద్దసారు. నేను కిటికీ పక్క బెంచీల ఉన్న. మెడల నరం కొట్టుకునుడు నాకే వినపడుతుండె. అప్పటికే వెనుక బెంచీలు నవ్వుడు మొదలువెట్టినయి.

తెలుగు సారు ముందుకొచ్చిండు. "ఉన్నరు సార్. కలం పేరు అది. రాసినోళ్లు ఇక్కడ్నే ఉన్నరు, తమరు వింటే చదివి వినిపిస్తరు" అన్నడు. వాడు అనలె, ఆమె అనలె. నా దిక్కు చూసి తల ఊపిండు. నేను లేచిన. మొదటి రెండు వాక్యాలు మీ నవ్వులల్ల కొట్టుకపోయినయి. మూడో వాక్యానికి సారు సుద్దముక్క వెనుక బెంచీ మీద పడ్డది. బస్సు దాకా వచ్చేసరికి ఎవ్వరు నవ్వలె. బక్కోడు ఏడ్చిండు. వాళ్లమ్మ ఆ ఏడు పుణెల ఉండె.

అధికారి పోయినంక నేను ఆగమాగం సారు దగ్గరికి ఉరికిన. మెచ్చుకుంటడు అనుకున్న. "చివరి పేజి తీసెయ్యి. బస్సు కదిలిన కాడ ఆపు" అన్నడు. ఇయ్యాలటికీ ప్రతి కథకు ఆ మాట పట్టుకునే కూసుంట. ఎవరైనా కథలు రాసుడు ఎక్కడ నేర్చుకున్నవ్ అంటే మన వరండా పేరే చెప్త.

తర్వాత ఏండ్లల్ల నేనెట్ల బతికిన, ఎట్ల మారిన అనేది ఈ సంచికకు పనిలేని ముచ్చట. కష్టం పడ్డ, గురువు దొరికింది, బతికిన. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మేము, అంటే ట్రాన్స్‌జెండర్లం, ఎవరిమో మేమే చెప్పుకోవచ్చు అని తీర్పిచ్చింది. నెలన్నర తిరిగేసరికి జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఊరంత పటాకులు కాలుస్తుంటే నాకు రెండు పండుగలు ఒక్కటే రాత్రి చేసుకున్నట్టు ఉండె.

ఇంకోటి చెప్పాలె. నిజాం కాలంల, 1329 ఫసలీ, అంటే 1919ల, హైదరాబాదుల హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. పిల్లలను ఎత్తుకపోతరు అన్న అనుమానం ఉన్నోళ్ల పేర్లు, ఉండే ఇండ్లు రిజిస్టరుకెక్కియ్యాలె. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టల్ల బజార్ల కనపడితే వారంటు లేకుండనే పట్టుకోవచ్చు. ఆ చట్టం పోయింది ఎప్పుడనుకున్నరు? 2023 జులైల. తెలంగాణ హైకోర్టు రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేసింది. నేను పుట్టినప్పుడు అది ఉండె, మనం గోడపత్రిక అంటించినప్పుడు ఉండె, నా మొదటి పుస్తకం వచ్చిన్నాడు గూడ ఉండె. తీర్పు చదువుతుంటే నాకు సారు బోర్డు మీద రాసిన 354 మతికొచ్చింది. పదిహేనేండ్ల తేడాతోని ఒక్కటే హైదరాబాదుల రెండు పట్టీలు తయారైనయి. ఒకదాంట్ల పేరెక్కితే ఇంటికి పోలీసు వస్తడు. ఇంకోదాంట్ల పేరెక్కితే మనిషి పోయినంక గూడ పద్యం ఉంటది. నాలాంటిదాని పేరు ఏ పట్టీల ఉండాలెనో నాకు పద్నాలుగేండ్లప్పుడే సారు చూపెట్టిండు.

ఇప్పుడు మా అమ్మ నా దగ్గర్నే ఉంటది. కథలు రెండు సంపుటాలైనయి, మూడోది అచ్చుల ఉంది. ఒక కథ డిగ్రీ పిల్లలకు పాఠంగ ఉంది. ఈ మాట రాస్తుంటే నాకు సంబురమే అయితుంది, దాచుకోను.

సభలకు పిలుస్తరు. పిలిచి, "మీ బాధలు చెప్పండి" అంటరు. "ఆత్మకథ ఎప్పుడు రాస్తరు?" అని ప్రతి సంపాదకుడు అడుగుతడు. ఆత్మకథలు రాసినోళ్లు నాకు పెద్దక్కలు, వాళ్లు రాయకపోతే నాకు తొవ్వ లేకపోవు. కని నేను కథలు రాసేదాన్ని. బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ తూకమేసే హమాలీ నా కథల ఉన్నడు. భర్త పోయినంక ఆటో నడిపే ఆమె ఉంది. మావోళ్లు గూడ ఉంటరు. వాళ్లు నా కథల్ల కూరగాయలు బేరం చేస్తరు, కరెంటు బిల్లుకు వరుసల నిలబడ్తరు, చుట్టం పెండ్లికి ఏ చీర కట్టాలె అని కొట్లాడుకుంటరు. ఏడ్చేది గూడ ఉంటది, అందరి ఇండ్లల్ల ఉన్నంత. "ఇందుల హిజ్రా కష్టం తక్కువుంది" అని ఒక పత్రిక కథ వాపసు పంపింది. ఆ కథనే నాకు అన్నిటికంటె ఇష్టం.

మొన్న పాలమూరు బస్సెక్కిన. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు, మాకు పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ లేదు కద. కండక్టరమ్మ ఆధార్ చూసింది, నా మొకం చూసింది, మిషన్ల నుంచి జీరో టికెట్ చింపి చేతిల పెట్టి "జరుగు అక్కా, అవ్వ కూసుంటది" అన్నది. అవ్వ కూసోని షాద్‌నగర్ దాటంగనే అడిగింది: "ఏ ఊరు బిడ్డా? ఎవరోళ్లు?" ఊరు చెప్పిన, మా అమ్మ పేరు చెప్పిన. "ఆమె బిడ్డవా!" అని సంచిల నుంచి జామకాయ తీసిచ్చింది. అద్దె ఇల్లు అడుగపోతే తలుపులు మూసుకున్న ఊర్లు చూసినదాన్ని. ఇట్లాంటి దినాన్ని గూడ రాయకుంటే నా లోకం సగమే రాసినట్టు.

పదో తరగతి మెమో మీద మాత్రం ఇంక పాత పేరే ఉంది. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం కింద కలెక్టర్ ఇచ్చిన కార్డు ఉంది. 2020 నిబంధనలల్ల చదువు సర్టిఫికెట్ల మీద గూడ పేరు మార్చుకోవచ్చని స్పష్టంగ రాసి ఉంది. అయినా ఒక ఆఫీసుల, కార్డు టేబుల్ మీద ఉండంగనే, "మీరు మీరే అని రుజువేంది?" అని అడిగిన్రు. రేడియో ఇప్పుడు మన బళ్లెనే సారు కాబట్టి అడ్మిషన్ రిజిస్టరు నకలు ఆయన తీయించి పంపిండు. వాడి మేలు మర్చిపోను. ఆ పని అయ్యేదాకా తిరుగుత, విడిచిపెట్ట.

తెలుగు సారును ఆఖరుసారి కలిసింది మొదటి పుస్తకం వచ్చినప్పుడు. పాలమూరుల కొడుకు ఇంట్ల ఉండె. చూపు తగ్గింది. నేను చీర కట్టుకొని పోయిన. పోయే దారంత నా పాత పేరు చెప్పాల్నా వద్దా అని ఒకటే ఆలోచన. తలుపు కాడ నిలబడి, "సార్, గోడపత్రిక..." అన్న. ఆయన లోపలికి తిరిగి, "కురుమతి వచ్చింది, చాయ్ పెట్టు" అని కేకేసిండు. పుస్తకం కండ్లకు దగ్గరగ పట్టుకొని పొద్దుగూకేదాక చదివిండు. రెండో కథ ఆఖరు పేరా పొడుగైందన్నడు. నిజమే అయింది. రెండో ముద్రణల తీసేసిన. కరోనా ఏడు ఆయన పోయిండు. మనల్ల ఒక్కరం గూడ పోలేకపోయినం.

ఆయన పేరు మీద బడికి ఆర్చి కట్టాలె అని కమిటీ అంటున్నదట. కట్టుండ్రి, నా వంతు ఇస్త. దాంతోపాటు ఇంకోటి అడుగుతున్న. తొమ్మిది 'బి' వరండా గోడకు అట్ట కొట్టించుండ్రి, నెలకొక గోడపత్రిక రావాలె. కాగితాలకు, రంగులకు అయ్యే ఖర్చు ప్రతి ఏడు నేను పెట్టుకుంట. ప్రతి పిల్లకు, పిల్లగానికి కలం పేరు ఉండాలె, ఏ పేరు రాసిచ్చినా మార్చుమనొద్దు, ఎందుకని అడగొద్దు. ఈ సంగతి రేడియో పెద్దమేడంతోని ఇప్పుడే మాట్లాడి పెట్టాలె. గోడ మీద పాత మేకులు ఇంక ఉన్నయో లేవో సర్పంచ్ చూసి చెప్తనన్నడు. సంక్రాంతి తర్వాత ఏ శనివారం రమ్మన్నా వస్త. జిగురు ఎట్ల ఉడికించాలెనో పిల్లలకు నేనే చూపిస్త.