కరెంటు పోయిన రాత్రి మా సంప్ పొంగింది

నేల ఆరింది, చేపలన్నీ బతికే ఉన్నాయి. వివరాలు మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మాది మంచినీటి అక్వేరియం. పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45, నీళ్లు దాదాపు 240 లీటర్లు. కింద క్యాబినెట్లో 75 బై 35 సైజు సంప్, అంటే పై ట్యాంకు నీళ్లు ఒక పైపులోంచి దిగి చేరే తొట్టి. అందులోని పంపు ఆ నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తుంది. గాజుకు రంధ్రం వేయించడం, పైపులు అతికించడం ఒక్క ఆదివారంతో అయిపోయాయి.

పంపు దగ్గర కొంచెం తికమక పడ్డాను. డబ్బా మీద గంటకు 3000 లీటర్లు అని ఉంటుంది. అది నీళ్లను పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. మా సంప్ నీటిమట్టం నుంచి పైన ట్యాంకులోకి నీళ్లు వదిలే నాజిల్ దాకా 1.4 మీటర్లు, మధ్యలో మూడు ఎల్బోలు, అంటే పైపు మలుపులు. నాజిల్ దగ్గర బకెట్ పడితే 15 లీటర్లు నిండడానికి 36 సెకన్లు పట్టింది. అంటే గంటకు 1500. ట్యాంకు నీళ్లన్నీ గంటకు ఆరుసార్లు తిరుగుతాయి, అది చాలు. షాపాయన మాత్రం ఇంకా పెద్దది తీసుకోమని పట్టుబట్టాడు. పంపు ఎంత ఎక్కిస్తే అంతా దిగే పైపు మోయాలి కదా, ఆ మాట ఆయన నోట రాలేదు. మీరు కొనేటప్పుడు ఏ ఎత్తుకు ఎంత నీరు ఇస్తుందో చూపించే గ్రాఫ్ అడగండి. ప్రవాహం తగ్గించాలంటే పంపు నీళ్లు తోసే వైపు వాల్వ్ తిప్పండి. పీల్చే వైపు ఎప్పుడూ బిగించొద్దు.

ఆ షాపాయనే చెక్ వాల్వ్ ఒకటి చేతిలో పెట్టి, "ఇది ఉంటే కరెంటు పోయినా పైపులోంచి చుక్క వెనక్కి రాదు సార్" అన్నాడు. బిగించిన రోజు స్విచ్ ఆపి చూశాను. నిజంగానే రాలేదు. నమ్మేశాను.

మూడు నెలలు గడిచాయి. రాత్రి రెండింటికి ఎవరో తలుపు కొట్టారు. కింది ఇంటి పెద్దాయన. "బాబూ, మా గదిలోకి పైనుంచి నీళ్లు కారుతున్నాయి, చూసుకో" అన్నారు. కరెంటు లేదు. ఫోన్ లైటు వేసి చూస్తే సంప్ అంచు మీదుగా నీళ్లు జారుతున్నాయి. పంపు ఆగిపోయింది, మరి ఈ నీళ్లెక్కడివి? దొరికిన తువ్వాళ్లన్నీ తెచ్చి నేల మీద పడేశాను తప్ప, నాజిల్‌ను నీళ్లలోంచి పైకి లేపితే ఆగుతుందని తట్టలేదు. ఆయన నా వెనకాలే నిలబడి చూస్తున్నారు. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

కరెంటు వచ్చాక ఇంకో గొడవ. నేల పాలైన నీళ్ల లోటంతా సంప్‌లో పంపు ఉన్న చిన్న గదిలోనే కనిపిస్తుంది. అక్కడ మట్టం బాగా పడిపోయి పంపు గాలి పీల్చింది, ట్యాంకు నిండా తెల్లటి బుడగలు.

పొద్దున్న చెక్ వాల్వ్ విప్పితే లోపల రెక్కకు మొక్క ఆకు ముక్క అడ్డుపడి ఉంది. అది పూర్తిగా మూసుకోక, పంపు పైపే సైఫన్ అయి, అంటే పంపు ఆగినా నీళ్లు వాటంతటవే జారే దారి అయి, ట్యాంకు నీళ్లను కిందికి లాగింది. ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీరంటే 5.4 లీటర్లు. నాజిల్ 6 సెంటీమీటర్ల లోతున ఉంది, కాబట్టి దానికి గాలి తగిలేలోపు 32 లీటర్లు దిగిపోయాయి. పైపులో నిలిచిన నీళ్లు అదనం. సంప్‌లో ఖాళీ ఉన్నది 26 లీటర్లకే. ఈ కూడికలు కొనే రోజే వేసి ఉంటే ఆ పెద్దాయన నిద్ర పాడయ్యేది కాదు. సరుకు అమ్మేవాళ్లు లెక్క చెప్పరు, మనమే వేసుకోవాలి.

చెక్ వాల్వ్ తీసి పక్కన పడేశాను. నాజిల్‌ను ఒకటిన్నర సెంటీమీటరు లోతుకు తెచ్చాను. నీటిమట్టానికి కాస్త కింద పైపుకు చిన్న రంధ్రం కూడా వేశాను. మట్టం దిగగానే అందులోంచి గాలి వెళ్లి సైఫన్ తెగిపోతుంది. అయితే ఆ రంధ్రానికి పాచి పడుతుంది, అందుకే రంధ్రం మూసుకుపోయినా సంప్ పొంగకుండా లెక్క చూసుకున్నాను. దాన్ని టేపుతో మూసి మరీ నాలుగుసార్లు పంపు ఆపాను. నాలుగుసార్లూ నీరు సంప్ అంచుకు ఆరు సెంటీమీటర్ల కిందే ఆగింది. నాలుగోసారి కింది ఇంటి పెద్దాయన్ని పిలిచి చూపించాను.