గోళ్లే ముందు చెప్పాయి

పేనుకొరుకుడు అనగానే అందరూ జుట్టు గురించే అడుగుతారు, నాకు మాత్రం మొదలైంది గోళ్లతో. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి రాస్తున్నా.

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పోయిన సంవత్సరం ఉగాదికి ముందు పది గోళ్ల మీదా సన్న గుంటలు పడ్డాయి, గుండుసూదితో వరసగా పొడిచినట్టు. బొటనవేళ్లైతే ఉప్పుకాగితంలా గరుకు, చున్నీ తగిలితే పోగు లాగేసేది. దగ్గర్లో స్కిన్ డాక్టర్ దగ్గరికి పోతే చెయ్యి పట్టుకుని కూడా చూడలేదు, ఫంగస్ అని మూడు నెలలకి టెర్బినాఫిన్ రాసేశాడు. గోరు ముక్క తీసి టెస్ట్‌కి పంపలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఆ మాత్రలు అయిపోకముందే కె.ఆర్.పురంలో మా ఆడబిడ్డ గృహప్రవేశం. గడపకి పసుపు రాద్దామని గిన్నె తీసుకున్నా, మా ఆయన పెద్దమ్మ నా వేళ్లు చూసి అందరి ముందరా "ఆ చేత్తో వద్దులేమ్మా, అంటుకుంటుందేమో, ఇంకెవరన్నా రాస్తారు" అనింది. ఎవ్వరూ నోరెత్తలేదు, మా ఆయనతో సహా.

ఆ రాత్రే జడ విప్పుతుంటే చెవి వెనకాల వేలు జారింది, నున్నగా, రూపాయి బిళ్లంత. ఫోన్‌తో ఫొటో తీసి చూసుకుంటే ఒకటి కాదు మూడు. తెల్లార్లూ బాత్రూంలో కూర్చుని ఇంకెక్కడుందో అని తల తడుముకుంటూనే ఉన్నా, పాప లేస్తే ఏం చెప్పాలా అని ఒకటే వణుకు. నాలుగింటికి అమ్మకి ఫోన్ చేస్తే ఏడ్చి, మొదటి బస్సుకే వచ్చేసింది, కొంగులో గురివింద గింజలు ముడేసుకుని, అరగదీసి రాద్దామని. అవి విషం, చర్మం పొక్కుతుంది, దయచేసి ఎవరూ రాయకండి. నేనూ రాయనీలేదు, అమ్మని కసిరేశా, తర్వాత ఎంత బాధేసిందో.

రెండో డాక్టరమ్మ తల చూడకముందే "పాలిష్ తీసి చేతులివ్వమ్మా" అంది. అలొపీషియా ఏరియేటా, అంటే మన పేనుకొరుకుడే. మన రక్షణ కణాలే వెంట్రుక కుదుళ్ల మీద పడతాయట, కొందరికి గోరు పుట్టే చోటు మీద కూడా, అందుకే ఆ గుంటలు, ఒక్కోసారి జుట్టు రాలకముందే కనిపిస్తాయట. అంటువ్యాధి కాదంది. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నా. గోరు టెస్ట్‌లో ఫంగస్ లేదు. ఇది ఉన్నవాళ్లలో కొందరికి థైరాయిడ్ కూడా ఉంటుందని అదీ చూశారు, బాగుంది. తల్లో నెలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నొప్పే. తలంతా పోయినవాళ్లు కూడా ఆశ వదులుకోకండి, బారిసిటినిబ్ మాత్రలకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాకపోతే డాక్టర్ లేకుండా మింగొద్దు.

గోళ్లకి మాత్రం ఓపికే మందు. నెలకి 3 మిల్లీమీటర్లే పెరుగుతాయి, పూర్తిగా కొత్తది రావాలంటే ఆర్నెల్లు. ఆ రోజు నోరెత్తని మా ఆయనే ప్రతి ఆదివారం నా చేతులు ఫొటో తీసేవాడు, గుంటలు ఎంత ముందుకి జరిగాయో చూపించేవాడు. ఫంగస్ అని ఎవరన్నా అంటే ముందు టెస్ట్ అడగండి, గట్టిగా అడగండి.

జుట్టు వచ్చింది, ఎడమ బొటనవేలు మాత్రం ఇంకా గరుకే. అమ్మ వెంకన్నకి మూడు కత్తెర్లు మొక్కుకుంది, వచ్చే నెల తిరుమల పోతున్నాం. పెద్దమ్మ కూడా వస్తానంటోంది. రానీ. ఆ పసుపు గిన్నె మాత్రం నేను మర్చిపోలేదు.