ఎరువు బస్తా మీద రాసి ఉన్న సదిశ

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో, మూడు చలరాశుల సమీకరణాలను గాస్-జోర్డాన్ పద్ధతిలో సాధించడానికి నాకు ఆరు నిమిషాలు పట్టేది. పబ్లిక్ పరీక్షలో మాత్రికల (మ్యాట్రిక్స్‌ల) నుంచి వచ్చే 7 మార్కుల ప్రశ్నను వదులుకోవడం మా రెసిడెన్షియల్ కాలేజీలో నేరంతో సమానం కనుక, క్రామర్ నియమం, విలోమ మాత్రిక పద్ధతి కూడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంతగా రుద్దించారు. అందువల్ల హైదరాబాదులో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరి, రెండో సెమిస్టరు టైంటేబుల్‌లో లీనియర్ ఆల్జీబ్రా అన్న పేరు చూసినప్పుడు, ఒక పేపరు బరువు తగ్గిందనే సంతోషించాను.

మొదటి రెండు వారాలు బోర్డు మీద ఒక్క మాత్రిక కూడా కనిపించలేదు. సదిశాంతరాళం (వెక్టర్ స్పేస్) అంటే ఒక సమితి; దాని మూలకాలే సదిశలు, అంటే వెక్టర్లు. దాని మూలకాలను ఒకదానితో ఒకటి కూడవచ్చు, అదిశలతో, అంటే మామూలు సంఖ్యలతో, గుణించవచ్చు. ఆ రెండు పనులూ ఎనిమిది నియమాలకు లోబడి ఉండాలి. ఈ నిర్వచనం ప్రకారం బాణం గుర్తులే కాదు, బహుపదులు కూడా సదిశలే, అవిచ్ఛిన్న ప్రమేయాలు కూడా సదిశలే. మొదటి క్విజ్‌లో, ఏ సదిశనైనా సున్నా అనే సంఖ్యతో గుణిస్తే శూన్య సదిశ వస్తుందని నిరూపించమన్నారు. "సున్నాతో దేనిని గుణించినా సున్నాయే కనుక" అని ఒక్క వాక్యం రాసి, మిగిలిన సమయమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రశ్నకు నాకు వచ్చిన మార్కులు కూడా సున్నాయే.

నిరూపణ రెండు వరుసలకు మించదు. సున్నాను సున్నా కూడిక సున్నాగా రాసి, విభాగ న్యాయంతో విడదీసి, రెండు వైపులా సంకలన విలోమాన్ని కలిపితే పని అయిపోతుంది. సంఖ్యలలోని సున్నా వేరు, శూన్య సదిశ వేరు, ఆ రెండింటికీ ముందుగా ఏ బంధుత్వమూ లేదు, విభాగ న్యాయం ద్వారానే అది ఏర్పడుతుంది అన్న సంగతి నాకు తట్టకపోవడమే అసలు తప్పు. ఎంసెట్ కోసం చదివినవాడికి "ఎందుకు" అన్న మాట వినబడగానే జవాబుల ఎంపికలు ఎక్కడున్నాయా అని కళ్లు వెతుకుతాయి. ఆ అలవాటు పోవడానికి సెమిస్టరు మొత్తం పట్టింది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను.

మూడో వారంలో మాత్రికలు తిరిగి వచ్చాయి, కానీ వేషం మార్చుకొని వచ్చాయి. సమీకరణాల వ్యవస్థను నేను ఎప్పుడూ అడ్డు వరుసలుగానే చూసేవాడిని: ఒక్కో సమీకరణం ఒక్కో సరళరేఖ లేదా ఒక్కో తలం, అవన్నీ కలిసే బిందువే సాధన. మా అధ్యాపకురాలు అదే మాత్రికను నిలువు వరుసలుగా చూడమన్నారు. ఒక్కో నిలువు వరుస ఒక్కో సదిశ. ఏ సదిశను ఎంత మోతాదులో కలిపితే కుడివైపున ఉన్న సదిశ వస్తుందన్నదే ప్రశ్న. ఆ "మోతాదు" అన్న మాట నా చెవిన పడగానే మా ఇంటి వసారాలో గోడకు ఆనించి పెట్టిన ఎరువుల బస్తాలు గుర్తుకు వచ్చాయి.

ఎరువు బస్తా మీద సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. (భాస్వరం, పొటాష్ అంకెలు నిజానికి వాటి ఆక్సైడు రూపాలకు చెందినవి.) యూరియా 46-0-0, డీఏపీ 18-46-0, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 0-0-60. పదేళ్లుగా వాటిని మోస్తూ, వాటి మీద కూర్చొని హోంవర్కు చేసుకుంటూ కూడా, అవి మూడు నిరూపకాలున్న సదిశలని నాకు ఎన్నడూ తోచలేదు. ఎకరా వరికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ ఇవ్వాలని అనుకుందాం. భాస్వరం డీఏపీలో మాత్రమే ఉంది కనుక ముందుగా అది తేలిపోతుంది: 52 కిలోలు. దానితోపాటే తొమ్మిది కిలోల పైచిలుకు నత్రజని వచ్చేస్తుంది. మిగిలిన దానికి 84 కిలోల యూరియా కావాలి. పొటాష్ కోసం 27 కిలోల మ్యూరేట్. అంటే రమారమి ఒక బస్తా డీఏపీ, రెండు బస్తాల లోపు యూరియా, అర బస్తా పొటాష్. మా నాన్న ఏ మాత్రికా రాయకుండా ఏటా వేసే మోతాదు ఇదే. ఒక తెలియని రాశిని ముందు తేల్చుకొని, దానిని పట్టుకొని తరువాతిదానికి వెళ్లే ఈ పనికే మా నోట్సులో బ్యాక్ సబ్‌స్టిట్యూషన్ అని పేరు.

ఈ మూడు ఎరువులూ మూడు అంకెల ఆ అంతరాళానికి ఒక ఆధారం (బేసిస్), అంటే అందులోని ఏ సదిశనైనా వీటిని తగిన పాళ్లలో కలిపి రాయవచ్చు. కాబట్టి మార్కెట్లో దొరికే ఏ కాంప్లెక్స్ ఎరువునైనా వీటితో రాయగలగాలి. 17-17-17 తీసుకొని చూశాను: 100 కిలోలకు 37 కిలోల డీఏపీ, 22.5 కిలోల యూరియా, 28.3 కిలోల మ్యూరేట్ సరిపోయాయి. ఉత్సాహంతో 12-32-16 మొదలుపెట్టాను. డీఏపీ 69.6 కిలోలు వచ్చింది, పొటాష్ లెక్క కూడా కుదిరింది, కానీ యూరియా దగ్గర జవాబు రుణాత్మకమైంది: 1.1 కిలోల యూరియాను తీసివేయాలట! రెండుసార్లు సరిచూసుకున్నాను, లెక్కలో తప్పు లేదు. సదిశాంతరాళంలో అదిశ రుణ సంఖ్య కావడానికి ఏ అభ్యంతరమూ లేదు. చల్లిన యూరియాను మడిలోంచి తిరిగి ఏరుకోవడానికే అభ్యంతరం.

లీనియర్ డిపెండెన్స్, అంటే ఒక సదిశను మిగిలిన వాటితోనే రాయగలగడం, కూడా నాకు బస్తాల ద్వారానే అర్థమైంది. 28-28-0, 20-20-0 అని రెండు ఎరువులు ఉన్నాయి. ఈ రెండింటినే ఎంత కలిపినా, ఏ పాళ్లలో కలిపినా, నత్రజని, భాస్వరం సమానంగానే ఉంటాయి. నత్రజని రెట్టింపు కావాలంటే మూడో దారి వెతుక్కోవలసిందే. బస్తాలు రెండైనా దిశ ఒక్కటే, కోటి (ర్యాంకు, అంటే స్వతంత్ర దిశల సంఖ్య) 1. అయితే 20-20-0 బస్తా మీద చివర 13 అని ఇంకో అంకె ఉంటుంది, అది గంధకం. దానిని నాలుగో నిరూపకంగా లెక్కలోకి తీసుకోగానే ఇవే రెండు సదిశలు స్వతంత్రమైపోతాయి. స్వతంత్రత అనేది ఏయే నిరూపకాలను లెక్కపెడుతున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుందని ఏ నిర్వచనం చదివినా నాకు ఇంత సూటిగా తలకెక్కేది కాదు.

ఈ పోలిక మరీ నా సొంతమని మురిసిపోతుండగా, చైనాలో రెండు వేల ఏళ్ల నాటి తొమ్మిది అధ్యాయాల గణిత గ్రంథం గురించి చదివాను. దాని ఎనిమిదో అధ్యాయం ధాన్యపు పనలతోనే మొదలవుతుంది: మేలురకం 3 పనలు, మధ్యరకం 2, నాసిరకం 1 కలిపి 39 కొలతలు, 2, 3, 1 కలిపితే 34, 1, 2, 3 కలిపితే 26. గుణకాలను నిలువు వరుసల్లో పేర్చి, ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తూ సాధించారు. జవాబులు 9.25, 4.25, 2.75. అంటే మనం గాస్ పేరుతో నేర్చుకున్న పద్ధతి గాస్ కంటే చాలా పాతది. ఇక జోర్డాన్ ఎవరంటే, నేను ఇంతకాలం అనుకున్న ఫ్రెంచి గణితవేత్త కమీల్ జోర్డాన్ కాదు, విల్‌హెల్మ్ జోర్డాన్ అనే జర్మన్ భూమాపన నిపుణుడు. రెండేళ్లు రోజూ పలికిన పేరు ఎవరిదో తెలియకపోవడం కాస్త సిగ్గుగానే అనిపించింది.

నిర్ధారకం (డిటర్మినెంట్) సున్నా అయితే విలోమం లేదు, ఇంటర్‌లో కథ అక్కడితో ముగిసేది. ఇక్కడ కథ అక్కడే మొదలైంది: ఏ సదిశలు నలిగి శూన్యమవుతున్నాయి, ఏవి చేరగలం, ఏవి చేరలేం అన్న ప్రశ్నలతో మూడు వారాలు గడిచాయి. విలోమం లేని మాత్రికలకు కూడా విలోమం చేసే పనిని కొంతవరకు చేసిపెట్టే సాధారణీకృత విలోమాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు చేసిన కృషి గురించి ఆ సందర్భంలోనే విన్నాను. సిలబస్‌లో లేకపోయినా అధ్యాపకురాలు దానికి పావుగంట కేటాయించారు. లాక్షణిక మూలాలు (ఐగెన్ విలువలు) చివరి పది రోజుల్లో హడావుడిగా వచ్చి వెళ్లాయి; వాటి గురించి రాయగలిగినంత ఇంకా నాకు తెలియదు.

పరీక్షలయ్యాక నాన్న ఫోన్ చేసి, కౌలుకు తీసుకున్న ఎకరానికి డీఏపీ దొరకలేదని, షాపువాడు 28-28 ఇస్తానంటున్నాడని చెప్పారు. నేను వెంటనే లెక్క కట్టి, ఎకరాకు 28-28 అయితే 1.71 బస్తాలు, యూరియా అయితే 45 కిలోల బస్తాలు 1.16 అని గర్వంగా చెప్పాను.

"బస్తా కోసి ఎవడిస్తాడురా? ఇది రెండు, యూరియా ఒకటి వేసేస్తా," అన్నారు నాన్న.

అదిశలు పూర్ణాంకాలే కావాలంటే అది సదిశాంతరాళమే కాదని, పూర్ణాంకాలు క్షేత్రం (ఫీల్డ్, అంటే భాగహారం కూడా కుదిరే సంఖ్యల వ్యవస్థ) కావని చెప్పబోయి, ఆ మాట ఆయనకు ఎలా వినిపిస్తుందో తట్టి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆయన మోతాదును గుణించి చూశాను: భాస్వరం 28 కిలోలు, కావలసిన దానికంటే నాలుగు ఎక్కువ, నత్రజని 48.7.