కుండ మీద కుదిరిన లాంప్‌షేడ్

అమెరికాలో పెరిగిన పిల్లల్ని సెలవులకి శ్రీకాకుళం తీసుకెళ్తే వాళ్లకి మర్యాదల లోటుండదు, పనే ఉండదు. అరసవల్లి, శ్రీకూర్మం చూపిస్తాం, చుట్టాలిళ్లన్నీ తిప్పుతాం, పెట్టిన బట్టలు పుచ్చుకోమంటాం. ఆ తర్వాత వాళ్లు మంచమెక్కి ఫోన్ పట్టుకుంటే "మనవాళ్లంటే వీళ్లకి పట్టదు" అని మనమే నిట్టూరుస్తాం. చుట్టంలా చూసినన్నాళ్లూ పిల్లలు చుట్టాల్లాగే ఉంటారు మరి. మా పద్నాలుగేళ్ల అమ్మాయి అమ్మమ్మ ఇంటికి రంగు గాజు లాంప్‌షేడ్ చేస్తానని పట్టుబట్టాక నాకీ మాట మీద గట్టి గురి కుదిరింది.

మేముండేది పిట్స్‌బర్గ్ దగ్గర. అక్కడికి గంట ప్రయాణంలో కానెల్స్‌విల్ అనే ఊళ్లో ఈ పనికి వాడే గాజు పలకలు తయారవుతాయి. పిల్ల అక్కడే స్టెయిన్డ్ గ్లాస్ క్లాసులకి వెళ్లి పని నేర్చుకుంది. గాజుని చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క అంచుకీ సన్నని రాగి టేపు చుట్టి, వాటిని పక్కపక్కన పేర్చి టంకంతో అతకడం దీని పద్ధతి. న్యూయార్క్‌లోని టిఫనీ స్టూడియో లాంపులతో దీనికి పేరొచ్చింది. ఆ డిజైన్లలో చాలావాటి వెనక క్లారా డ్రిస్కాల్ అనే ఆవిడ ఉందని, ఆవిడ రాసిన ఉత్తరాలు బయటపడేదాకా దాదాపు వందేళ్లు లోకానికి తెలియలేదు. మా అమ్మాయి ఈ సంగతి కనిపించిన ప్రతి పిన్నికీ, అత్తకీ చెప్పింది, కోపంగా.

గుండ్రటి షేడ్‌కి లోపల అచ్చు ఉండాలి. పలకల్ని గొడుగులా నిలబెట్టి చేసే షేడ్‌కి అచ్చు అక్కర్లేదు గానీ పిల్లకి గుండ్రటిదే కావాలి. అమెరికాలో ఫైబర్‌గ్లాస్ అచ్చులు గీతలతో సహా దొరుకుతాయి, డొల్లవే అయినా సగం సూట్‌కేసు తినేస్తాయి. గాజుకే చోటు లేక మావారితో గొడవైంది. ముప్ఫై అయిదు సెంటీమీటర్ల వెడల్పున్న అర్ధగోళానికి మూడు మిల్లీమీటర్ల గాజు కిలోన్నర దాకా పడుతుంది. కోతలో పోయేది, రంగులు ఎంచుకోడానికి అదనంగా పెట్టుకున్నది కలిపితే నాలుగు కిలోలు దాటింది. అచ్చు సంగతి ఊరెళ్లాక చూసుకోవచ్చన్నాను.

మా తమ్ముడు మా జిల్లాలోని బూడితి ఊళ్లో చేసిన ఇత్తడి గుండిగ తెచ్చాడు. చూడ్డానికి దివ్యంగా ఉంది. "మామయ్యా, టంకం ఇత్తడికి అంటుకుపోతుంది, షేడ్ ఊడి రాదు" అంది పిల్ల. పైగా మూతి దగ్గర సన్నగా ఉన్న పాత్ర మీద చుట్టూ అతికితే షేడ్ దాని మీదే ఇరుక్కుంటుంది. అల్యూమినియం బేసిన్‌కి టంకం అంటుకోదు గానీ దాని అడుగు చదును. చివరికి మా అమ్మ పెరట్లోంచి పెద్ద మట్టికుండ తెచ్చి బోర్లించింది. "దీని అడుగు గుండ్రంగానే ఉంటాది గదే" అంది. మట్టికి టంకం అంటదు, వేడికి ఏమీ కాదు. కుండ కడుపు ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడితో షేడ్ ఆపేస్తే పైకెత్తి తీసేయొచ్చు.

కుండ కడుపుకి దారం చుట్టి, ఆ దారాన్ని ఆరు మడతలు పెట్టి, మడత మడతకీ సుద్దతో గుర్తు పెట్టింది మా అమ్మ. ముగ్గు వేసే చెయ్యి కదా, కొలత అడగలేదు. అడుగు నడిమధ్య నుంచి ఆరు గీతలు దింపి తామర రేకులు గీసేసింది. తీరా చూస్తే కుండ ఒక పక్క కాస్త అణిగి ఉంది, ఆరు భాగాలూ ఒకేలా రాలేదు. అచ్చు సరిగ్గా గుండ్రంగా ఉంటే ఒక భాగానికి కాగితం కత్తిరించి దాన్నే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఇక్కడ ప్రతి ముక్కకీ విడిగా కాగితం, విడిగా నంబరు.

రేకులు మరీ పెద్దవని పిల్ల అభ్యంతరం. గాజు చదునుగా ఉంటుంది, కుండ వంపు తిరిగి ఉంటుంది. ఇంత కుండ మీద అయిదు సెంటీమీటర్ల ముక్క పెడితే అంచులు దాదాపు రెండు మిల్లీమీటర్లు లేస్తాయి, అందులో సగం ముక్క అయితే అర మిల్లీమీటరే. ఒక్కో రేకునీ నాలుగు ముక్కలు చేయాలంటుంది మనవరాలు, రేకు రేకులా ఉండాలంటుంది అమ్మమ్మ. ఫోన్లో "బాగున్నావా అమ్మమ్మా, తిన్నావా" అనేసి నాకు ఫోన్ ఇచ్చేసే పిల్ల ఆ పూట వచ్చీరాని తెలుగుతో పోట్లాడింది. నేను నోరు విప్పలేదు. పిల్లకీ అమ్మమ్మకీ మధ్య తల్లి దుబాసీగా కూర్చున్నంత కాలం వాళ్ల మధ్య మాట పెరగదని నా అభిప్రాయం.

గాజు దగ్గర ఇంకా పెద్ద రగడ. పిల్ల మనసు పడింది ముదురు నీలం మీద, అవతల వస్తువు కనిపించేంత పారదర్శకమైనది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే కళ్లు జిగేల్మన్నాయి. మా అమ్మ దాన్ని తీసుకెళ్లి గోడకి ఆనించింది. "అదేటే, మసిబట్టిన గాజులాగుంది. కరెంటు పోతే ఇలాగే ఉంటాది గదా?" 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ కబుర్లన్నీ చెప్పింది. దీపం వెలగనప్పుడు షేడ్ ఎలా ఉంటుందన్న ఆలోచన పిట్స్‌బర్గ్ పిల్లకి వచ్చి ఉండదు. పాలు కలిసినట్టుండే ఓపలెసెంట్ గాజు వెలుతుర్ని చెదరగొట్టి బల్బుని దాచేస్తుంది, దీపం లేకపోయినా దాని రంగు దానికుంటుంది. పసుపు, లేత ఆకుపచ్చ చారలున్న పలకలు అలా ఎంపికయ్యాయి. నీలం అంచున ఒక వరసకి పరిమితం.

ఆకుపచ్చ తక్కువైతే మా తమ్ముడు పిల్లని ఊళ్లోని అద్దాల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడున్న పువ్వుల గాజు నాలుగు మిల్లీమీటర్ల మందం. మేం తెచ్చుకున్న అయిదున్నర మిల్లీమీటర్ల టేపు మూడు మిల్లీమీటర్ల గాజుకైతే రెండు పక్కలా బాగా మడుస్తుంది, దీనికి పట్టు చాలదు. వెనక్కొచ్చి ఆకులు తగ్గించారు.

నా టెన్షన్ అంతా టంకంలోని సీసం గురించి. పని మధ్యలో పిల్ల నోట్లో సున్నుండ పెట్టడం అమ్మమ్మకి అలవాటు. సీసం, విషం అని చెబితే "మా రోజుల్లో" అని మొదలుపెడుతుందని తెలుసు. "ఆ బల్ల, ఆ చేతులు ఎంగిలి అనుకో అమ్మా" అన్నాను. అంతే, పిల్ల సబ్బుతో చేతులు కడుక్కునేదాకా వంటింటి గడప తొక్కనివ్వలేదు.

కుండకి పలచగా మైనం పూసి, ముక్కలు ఒక్కొక్కటే నొక్కి, ముందు చుక్కలు చుక్కలుగా టంకం పెట్టి తర్వాత గీతలన్నీ నింపారు. పైన కొక్కెం బరువు ఆపడానికి టంకం అంటుకునే లోహమే కావాలి కాబట్టి అక్కడ బూడితి ఇత్తడి మూత పనికొచ్చింది. మా తమ్ముడి ముఖం వెలిగిపోయింది.

షేడ్ ఇప్పుడు భోజనాల బల్ల మీద వేలాడుతోంది. వాళ్లిద్దరి తగువు ప్రస్తుతం బల్బు మీద. తెల్ల ఎల్‌ఈడీ వేస్తే పసుపు గాజు వెలవెలబోతుందని పిల్ల ఏరికోరి పసుపుపచ్చటి వెలుతురిచ్చే బల్బు పెట్టించి వచ్చింది. మేం విమానం ఎక్కిన వారానికే మా అమ్మ దాన్ని తీయించి తెల్లది వేయించేసింది, ఆ వెలుతుర్లో బియ్యంలో రాళ్లు కనపడట్లేదట. వీడియో కాల్‌లో చూసి పిల్ల గగ్గోలు పెట్టింది. బియ్యం పగలు ఏరుకోవచ్చు కదా అని దీని వాదన, పగలు సీరియల్ ఉంటుందని ఆవిడ జవాబు.