జేబులో కంకరరాయి

"ఏట్రా అది? కింద పడీ."

విశాఖలో కార్పొరేషన్ ఆఫీసు (జీవీఎంసీ) గాంధీ బొమ్మ దగ్గర ధర్నా. తోపులాటలో ఎవరో తన చేతిలో ప్లకార్డు చింపేశారని నా పక్కన కుర్రాడు కంకరరాయి తీశాడు. వాడి కోపం నాకు అన్యాయంగా ఏమీ అనిపించలేదు, నిజం చెప్పాలంటే.

ముసలాయన వాడి వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, రాయి తీసి తన లాల్చీ జేబులో వేసుకున్నాడు. జేబు ఓ పక్కకి వేలాడిపోయింది. 2021 నుంచి విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ వద్దంటూ కూర్మన్నపాలెంలో వేసిన దీక్షా శిబిరంలో కూర్చున్న మనిషట.

"నువ్వు విసిరితే నువ్వొక్కడివే పోవురా. అందరి మీదా కేసే."

ఇంటికొచ్చి చూశాను. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 191. ఐదుగురు, ఆపైన ఉన్న చట్టవిరుద్ధ గుంపులో, ఉమ్మడి ఉద్దేశం కోసం ఒక్కడు చెయ్యి చేసుకున్నా అల్లర్ల నేరం అందరిదీ. రెండేళ్ల దాకా జైలు. శాంతియుత ధర్నా దీని కిందకి రాదు, రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన హక్కే అది. కానీ రాయి ఎగిరాక "నాకా ఉద్దేశం లేదు" అని తేల్చుకోడానికి కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో!

వెళ్లేటప్పుడు ఆయన ఆ రాయిని డివైడర్ మొక్క మొదట్లో పెట్టాడు. కుర్రాడు ప్లకార్డు అతికించడానికి టేపు కోసం అందర్నీ అడుగుతున్నాడు.