అంబారీ ఏనుగు: పదకొండో వారం

నేను చెక్కుతున్న కొయ్య ఏనుగుకు తొండం నిలిచింది. మూడోసారికి.

మొదటి రెండూ ఒకే చోట విరిగాయి, వంపు దగ్గర. కొండపల్లి బొమ్మల కాలనీలో నాకు పని నేర్పుతున్న తాతగారు విరిగిన ముక్కను వెలుతురుకు ఎత్తి చూసి, "నార ఎటు పోతోందో చూడకుండానే ఉలి పెట్టావేం తల్లీ?" అన్నారు. నిజమే, తొండాన్ని నారకు అడ్డంగా గీశాను. అందుకే వేలితో నొక్కితే చాలు, ఊడొచ్చింది. ఈసారి పొడవంతా నార వెంట ఉండేలా గీసి, కొస వంపును ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీశాను. దానికే గంటన్నర పట్టింది.

ఈ ఏనుగును ఒకే దిమ్మలోంచి చెక్కరు. ఒళ్లు, చెవులు, తొండం, దంతాలు, అంబారీ అన్నీ విడివిడిగా చేసి మక్కుతో అతుకుతారు. చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే అదే మక్కు. గారెల పిండి కంటే కాస్త మెత్తగా, గరిటె వంచితే జారకుండా ఉన్నప్పుడు నాకు బాగా కుదిరింది. నాలుగో వారంలో ఒకేసారి మందంగా పట్టించాను, ఆరేసరికి బీటలిచ్చింది. ఇప్పుడు పల్చగా ఒక పొర, రాత్రంతా ఆరాక ఇంకో పొర. పొట్టును పాత చీర గుడ్డతో జల్లించుకుంటే అతుకు దాదాపు కనబడదు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది మాత్రం తేమ. తెల్ల పొణికి చెక్క చాలా మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఆ సంబరంలో సగం పచ్చి దిమ్మనే చెక్కేశాను. పది రోజులకు చెవి దగ్గర సందు వచ్చింది. చెక్క ఆరుతూ కుంచించుకుపోతుంది, మక్కు అక్కడే ఉండిపోతుంది. రెండో దిమ్మను మా విజయవాడ ఇంటి బాల్కనీలో నీడన పెట్టి, వంటింటి కాటాతో రోజూ తూచాను. 486 గ్రాములున్నది అయిదు వారాలకు 274 దగ్గర ఆగింది. నాలుగు రోజులు వరసగా అంకె మారలేదు, అప్పుడే ఉలి పట్టాను. తాతగారికి కాటాతో పని లేదు, తట్టి వింటారు. చెక్కే ముందు సన్నటి సెగ కూడా చూపించాలన్నారు. అపార్ట్‌మెంట్‌లో కుదరదు కాబట్టి ఆ పని ఆయన వసారాలోనే చేసుకొచ్చాను.

పోయిన నెల ఖిల్లాకు వెళ్లే దారిలో తాతగారు తెల్ల పొణికి చెట్టును చూపించారు. గింజకు రెండు పొడవాటి రెక్కలు, పైకి విసిరితే గిరగిరా తిరుగుతూ దిగింది. అది చూశాక ఈ చెక్క మీద ప్రేమ ఇంకా పెరిగింది. కొండ మీద చెట్లు తగ్గిపోయి చెక్క దొరకడమే కష్టమవుతోందట. అందుకే విరిగిన తొండాలు రెండూ పారేయలేదు, వాటిలోంచే దంతాలు తీశాను.

ఇదంతా మా అమ్మమ్మ బొమ్మల కొలువు కోసం. ఆమె ఏనుగుకు అంబారీ ఎప్పుడో పోయింది. వచ్చే సంక్రాంతికి దాని పక్కన జోడీగా ఇది నిలబడాలి.

వచ్చే ఆదివారం సుద్ద పూత, అది పూర్తిగా ఆరాకే రంగులు. ఈలోపు ఎడమ చెవిని ఇంకో రెండు మిల్లీమీటర్లు పలచన చేయాలి. అమ్మమ్మ ఏనుగు పక్కన పెడితే అదొక్కటే మోటుగా కనబడుతోంది.