ఫోన్‌లో నాయనమ్మ, ఎదుట నాయనమ్మ

సెలవులకు నల్లగొండ వచ్చిన పిల్లలు నాయనమ్మను ఎదుట చూసి "ఫోన్‌లో ఇట్లుండవు కదా!" అంటారు. నవ్వి వదిలేయకండి. బొమ్మకూ మనిషికీ సంబంధమేమిటన్నది చాలా లోతైన ప్రశ్న.

వీడియో కాల్‌లో పెద్దవాళ్లు ఫోన్‌ను ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంటారు. చెవులకన్నా ముక్కు కెమెరాకు బాగా దగ్గర కాబట్టి ఉబ్బి కనిపిస్తుంది. పిల్లలతోనే తేల్చించండి. నాయనమ్మను అరుగు మీద కూర్చోబెట్టి 30 సెంటీమీటర్ల నుంచి ఒక ఫోటో, 2 మీటర్ల నుంచి జూమ్ చేసి ఇంకొకటి తీయించండి. రెండింట్లో ముఖం ఒకే సైజులో ఉండాలి, వెలుతురు మారకూడదు. బ్యూటీ ఫిల్టర్ తీసేయడం చాలామంది మరిచిపోతారు, అప్పుడు తేడా దేనివల్లో తెలియదు. ఇక అడగండి: ఏది అసలు నాయనమ్మ?

"అచ్చం నాయనమ్మలా ఉన్నదే" అన్న జవాబు చాలదు. కవలలు ఒకరిలా ఒకరుంటారు, అయినా ఒకరు ఇంకొకరి బొమ్మ కారు. ఫోటో నాయనమ్మను చూపిస్తుంది, నాయనమ్మ ఫోటోను చూపించదు. పోలిక మాత్రం రెండు వైపులా ఉంటుంది. అమెరికా తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో ఈ వాదంతోనే పోలికను పక్కన పెట్టి, బొమ్మల్నీ భాషలాగే చదవడం నేర్చుకోవాలన్నాడు. అది కాస్త ఎక్కువే: అక్షరం రాని పసివాళ్లూ ఫోటోలో నాయనమ్మను గుర్తుపడతారు. బ్రిటిష్ తత్వవేత్త రిచర్డ్ వోల్‌హైమ్ మాట ఇంకా దగ్గరగా ఉంది. బొమ్మ చూసేటప్పుడు పైతలాన్నీ, అందులోని మనిషినీ ఒకేసారి చూస్తామంటాడు. తెర మీద వేలిముద్రల మరక కనిపిస్తూనే ఉంటుంది, ముఖం చెదరదు.

గుడ్‌మన్ నెగ్గేది గుడి గోడ దగ్గర. దేవుడి పక్కన చిన్నగా చెక్కిన పరిచారకులను చూసి పిల్లలు "వాళ్లు దూరంగా ఉన్నారా?" అని అడుగుతారు, దూరానివి చిన్నగా కనిపిస్తాయని బడిలో నేర్చుకున్న లెక్క అది. "అప్పటివాళ్లకు దూరం చూపించడం రాదు" అని మాత్రం అనకండి. ఇక్కడ సైజు చెప్పేది దూరం కాదు, హోదా. నల్లగొండ పక్కనున్న పానగల్లులోని పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలున్నాయి. ముందు కథ చెప్పి తర్వాత శిల్పం చూపండి, లేకపోతే ఎవరెవరో తెలియక విసుగొస్తుంది.

అక్కడే ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా స్తంభంలాంటి నీడ నిలిచే ఉంటుంది. అది ఏ స్తంభానిదో వెతకమనండి, పది నిమిషాలు చెప్పకుండా ఆగండి. దొరకదు. స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో ఏర్పడే నీడ అది, ఒక్క స్తంభానిది కాదు. అప్పుడు అడగండి: మరి ఇది దేని బొమ్మ?